తాత్కాలికంగా పెట్టిన నంబరు

"ఇయ్యాల నంబర్ చెప్పేదాక నేను ఈ కుర్చీలకెల్లి లేవను సార్," అంది రూప.

జగదీశ్వర్ గారు తాపీగా టీని సాసర్లో పోసుకున్నారు. యాకుత్‌పురా స్టేషన్‌కు దగ్గర్లో ఉన్న ఆ ట్రస్టు ఆసుపత్రికి ఆయన కార్యదర్శి. ఆసుపత్రికి వెబ్‌సైట్ చేసిపెట్టే కంపెనీ తరఫున ఆ పని చూసేది రూప. సైట్‌లో పెట్టడానికి ఫోన్ నంబరు ఇవ్వమని ఎన్నిసార్లు అడిగినా ఎవరూ ఇవ్వలేదు. ఆ చోటు ఖాళీగా వదిలేస్తే బాగుండదని తాత్కాలికంగా తన సెల్ నంబరు పెట్టింది. అదీ ఆమె చేసిన తప్పు. ఆ తాత్కాలికానికి ఇవాళ్టితో పంతొమ్మిది రోజులు.

"గంత ఫికరెందుకమ్మా? వచ్చేది ఫోనే గదా," అన్నారాయన.

అంతలోనే ఫోన్ మోగింది. రూప పళ్లు కొరుక్కుంటూ ఎత్తింది.

"షుగర్ డాక్టర్ మంగళవారం, శుక్రవారమే వస్తడు తాతా. పదకొండు దాటితే దొరకడు. పరగడుపున రా. పాత రిపోర్టులు తెచ్చుకో."

ఫోన్ పెట్టేసేసరికి జగదీశ్వర్ గారి ముఖం వెలిగిపోతోంది. "మా కౌంటర్ల గుండయ్య కంటే మంచిగ చెప్తున్నవ్."

రూపకు ఒళ్లు మండింది. "నేను వెబ్‌సైట్ మనిషిని సార్. మొన్న ఆఫీస్ మీటింగ్‌ల ఉంటే ఒకామె ఫోన్ చేసింది. పిల్లగానికి విరేచనాలైతున్నయి, ఏం పెట్టాలె అనడిగింది. మా మేనేజర్ ముందట నేనేం మాట్లాడాలె?"

"ఏం జెప్పినవ్ మరి?" ఆయన కుతూహలంగా ముందుకు వంగారు.

"సార్. నంబర్."

"నేనేం జెయ్యాలమ్మా? రోడ్డు తవ్వినకాడికెల్లి ల్యాండ్‌లైన్ పని చేస్తలేదు. కౌంటర్‌కు సెల్ తేవాలంటే కమిటీ తీర్మానం కావాలె. ప్రెసిడెంట్ సాబేమో ఆయన నంబరే పెట్టుమంటడు, కానీ ఎవ్వరు ఫోన్ చెయ్యొద్దంటడు."

"చెయ్యొద్దంటే పెట్టుడెందుకు సార్?"

"ఉంటే మంచిగ కనిపిస్తది గదా."

రూప తల పట్టుకుంది. మళ్లీ ఫోన్ మోగింది. ఎత్తకూడదనుకుని బల్ల మీద బోర్లా పెట్టింది. ఆగింది. వెంటనే మళ్లీ మోగింది. విసుక్కుంటూ తీసింది.

"మేడమ్, ఛత్రినాక నుంచి కృష్ణమ్మను మాట్లాడుతున్న. మా ఆయనకు ఊపిరి అందుతలేదు. ఆటోల ఎక్కిచ్చిన. డాక్టర్ సాబ్ ఉన్నడా? లేడంటే ఇంకోదిక్కు తీస్కపోత." వెనకాల ఎవరో ఈలవేసినట్టు ఊపిరి లాగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

రూప లేచి నిలబడింది. "సార్, డ్యూటీ డాక్టర్ ఉన్నడా?"

"ఉండాలె," అన్నారు జగదీశ్వర్ గారు.

"ఉన్నడా, లేడా?"

రూప ఫోన్ పట్టుకునే బయటికి పరుగెత్తింది. కౌంటర్ దగ్గర గుండయ్య, "పొద్దుగాల అయితే చూసిన," అన్నాడు. రెండేసి మెట్లు ఎక్కుతూ పై అంతస్తుకు పోయింది. డ్యూటీ డాక్టర్ వెస్లీ అప్పుడే టిఫిన్ డబ్బా మూత తీస్తున్నాడు. ఆమె చెప్పింది సగం విని డబ్బా వదిలేసి కిందికి నడిచాడు.

"డాక్టర్ ఉన్నడమ్మా, ఎటూ పోకు, సీదా ఇటే రా. నేను గేట్ కాడ నిలబడ్త," అంది రూప ఫోన్‌లో.

ఏడు నిమిషాలకు ఆటో వచ్చింది. వీల్‌చెయిర్ తోసేవాళ్లు కనబడకపోతే రూపే తోసింది.

అరగంట తర్వాత డాక్టర్ వెస్లీ బయటికి వచ్చాడు. "ఇప్పుడు నిమ్మలంగున్నడు. ఇంకో పది నిమిషాలు తిరిగుంటే మన చేతుల ఉండకపోవు," అన్నాడు.

రూప నేరుగా కార్యదర్శి గదికి వెళ్లింది.

"మొదటిసారి మోగినప్పుడు నేను ఎత్తలే సార్. కావాలనే ఎత్తలే. రెండోసారి గూడ ఎత్తకపోతే?"

జగదీశ్వర్ గారు కుర్చీలోంచి లేచారు. తర్వాత జేబులోంచి తన సెల్ తీసి, గుండయ్యను పిలిచి చేతిలో పెట్టారు. "ఇగ ఇది కౌంటర్‌ల ఉంటది. మోగితే ఎత్తాలె. కమిటీకి నేను జెప్పుకుంట. అమ్మా, నంబర్ రాసుకో."

రూప అక్కడే ల్యాప్‌టాప్ తెరిచింది. తన నంబరు తీసేసి కొత్తది పెట్టడానికి రెండు నిమిషాలు పట్టలేదు. పంతొమ్మిది రోజుల లొల్లి రెండు నిమిషాల పని. సైట్‌లో చూసి కొత్త నంబరుకు ఫోన్ చేసింది. కౌంటర్‌లో మోగింది. గుండయ్య ఎత్తి హలో అన్నాడు. ఆ హలో విని రూపకు ఏడుపొచ్చినంత పనయింది.

బ్యాగు భుజానికి తగిలించుకుని వరండాలోకి వచ్చింది. బెంచీ మీద కూర్చున్న కృష్ణమ్మ లేచి ఎదురొచ్చి, ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"నువ్వేనా బిడ్డా, రూప మేడమ్?"

"ఔనమ్మా. నా పేరు నీకెట్ల తెలుసు? వెబ్‌సైట్‌ల పేరు లేదు గదా."

"అదేందో నాకు తెల్వది బిడ్డా. మా బస్తీల ఎవల్నడిగినా నీ పేరే చెప్తరు."

కృష్ణమ్మ కొంగు ముడి విప్పి, పోయిన వారం ఈ ఆసుపత్రి కౌంటర్‌లోనే ఇచ్చిన ఓపీ చిట్టీ మడత తీసి చేతికిచ్చింది. ఆసుపత్రి పేరు కింద రూప సెల్ నంబరు, దాని పక్కనే ఎర్రటి అచ్చక్షరాల్లో ఇలా ఉంది: "ఎమర్జెన్సీ విభాగం ఇన్‌చార్జి: రూప మేడమ్, 24 గంటలు."