పక్కన నిలబడే మనిషి

అయోవా సంతలో నేనూ ఒహాయో గవర్నరమ్మా నడుస్తుంటే ఒక రైతు నా వైపే వచ్చాడు. కరచాలనం కోసం చెయ్యి చాచాను. అతను అందులో తన ఫోను పెట్టాడు.

"గవర్నరమ్మతో నాకో ఫొటో తీసిపెట్టండి సార్. మీరైతే పొడుగ్గా ఉన్నారు."

నేను ఈ దేశానికి ఉపాధ్యక్షుణ్ణి. ఈసారి అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్నవాణ్ణి. అయినా తీశాను. ఒకటి కాదు, మూడు.

కారెక్కగానే నా భార్య మారియన్‌తో చెప్పేశాను. "నాతో ఉపాధ్యక్ష పదవికి ఈవిడ వద్దు. జాబితాలోంచి పేరు కొట్టేస్తున్నాను."

"ఆవిడొస్తే ఒహాయో ఓట్లన్నీ మనవే అన్నావు పొద్దున."

"అన్నానులే. ఆ నవ్వు చూశావా? పోటీ చేసేది తనే అయినట్టు."

"ఫొటోకి నవ్వక ఏడుస్తారా? సరే, మరెవరు?"

"సెనేటర్ డెల్బర్ట్."

"ఆయన ఉపన్యాసానికి ఆవులు కూడా నిద్రపోతాయి."

"నాకు కావలసింది అదే. అతను పక్కనుంటే జనం నన్నే చూస్తారు."

మారియన్ కిటికీలోంచి మొక్కజొన్న చేలు చూస్తూ అంది.

"ఎనిమిదేళ్ల కిందట అధ్యక్షుడు ఉపాధ్యక్ష పదవికి నీ పేరు ప్రకటించిన రోజు, ఎందుకు నిన్నే ఎంచుకున్నారో వాళ్లావిడ నాతో చెప్పింది. నువ్వెప్పుడూ అడగలేదు."

"అడిగేదేముంది? నా అనుభవం చూసి."

"కాదు. ఇప్పుడు డెల్బర్ట్ గురించి నువ్వన్న మాటే అంది, పొల్లు పోకుండా."

ఆమె నా మోకాలి మీద చెయ్యి వేసింది.

"ఆవుల సంగతి కూడా ఆవిడ చెప్పిందే."