వెనక సందు గది

సోమందేపల్లెలో బోరు వేస్తే నీళ్ళయినా పడతాయేమో గానీ, బాడిగకు ఇల్లు దొరకదని సువార్త ఎప్పుడో తేల్చేసింది. హైవే పక్కన ఫ్యాక్టరీలు వచ్చిన దగ్గర్నుంచి రేకుల గదికి కూడా ఐదు వేలంటున్నారు. రెండేళ్ళలో నాలుగిళ్ళు మారింది. ఒకాయన బాడిగ పెంచాడు. ఇంకొకాయన కొడుకు పెళ్ళని ఖాళీ చేయించాడు. మూడో ఆవిడకు మాంసం వాసన పడలేదు. నాలుగో ఇంటివాళ్ళు ఎందుకు పొమ్మన్నారో ఇప్పటికీ తెలీదు.

ఈసారి మాత్రం కదిలేది లేదనుకుంది. కూతురు గౌతమి పదో తరగతికి వచ్చింది. బడి పక్క వీధిలోనే. మార్చిలో పరీక్షలయ్యే దాకా పిల్ల ఒకే చోట కూర్చుని చదువుకోవాలి. అంతకు మించి ఆమె ఏమీ కోరలేదు.

అందుకే బయమ్మ ఏం చెప్పినా తలూపింది.

బయమ్మ, ఆమె మొగుడు ఓబులేసు ముందు భాగంలో ఉంటారు. యాడికి ఊరి దగ్గర పదహారెకరాల చేను ఉన్నవాళ్ళు. ఓబులేసు తెల్లచొక్కా నలగకుండా తిరిగే మనిషి. పెరట్లో గది రెండు వేలకే ఇస్తామనేసరికి సువార్త మొగుడు జోయల్ తెరిచిన నోరు మూయడానికి కాసేపు పట్టింది.

"ఎంతమంది ఉంటారు?" అంది బయమ్మ.

"ముగ్గురమే. నేను గార్మెంట్స్‌కు పోతాండా. మా ఆయన పెయింటింగ్ పని చేస్తాడు. పాప సదువుకుంటాది."

"గట్టిగా మాట్లాడతారా?"

ఇదేం ప్రశ్నో సువార్తకు అర్థం కాలేదు. ఎక్కడికి పోయినా మొదట "మీరేమిటోళ్ళు?" అని కులం అడుగుతారు. బయమ్మ ఆ మాటే ఎత్తలేదు. పేర్లు వినగానే తెలిసిపోయి ఉంటుంది, ఇక అడగడం ఎందుకు?

షరతులు వినేసరికి ఆ అనుమానం గట్టిపడింది.

"రాకపోకలన్నీ ఎనక సందులోంచే. ముందు గేటు కల్లా రాగాకండి. సెప్పులు గదిలోనే ఇడవండి. గుడ్డలు లోపలే ఆరేసుకోండి. ఎవురికీ ఈడ ఉండామని అడ్రసు ఇయ్యగాకండి."

"అట్నే ఓనరమ్మా."

బయమ్మ అటూ ఇటూ చూసింది. "ఓనరమ్మ గీనరమ్మ అనగాకు. అక్కా అంటే సాలు."

పిలుపులో అక్కా, వాకిట్లో దూరం. సువార్త లోపల్లోపల నవ్వుకుంది.

నీళ్ళ ట్యాంకర్ వచ్చినప్పుడు బయమ్మే నాలుగు బిందెలు పట్టి పెరట్లోకి మోసుకొచ్చేది. జోయల్ మురిసిపోయాడు. సువార్తకు మాత్రం అందులోనూ ముల్లే కనిపించింది.

"మనం ముందుకు పోయి పట్టుకుంటే ఆమె పరువు పోతాదని మోస్తాంది."

"మార్చి దాకా ఓర్సుకో," అన్నాడు జోయల్. ఈమధ్య ఏం చెప్పినా అతనిది అదే మాట.

ఓ ఆదివారం బుల్లెట్ బండి మీద ఒక పెద్దమనిషి వచ్చాడు. బయమ్మ పరుగున వచ్చి కిటికీ తట్టింది.

"తలుపేసుకోండి. పొయ్యి ఆర్పేయండి. సడి సేయగాకండి."

కోడిగుడ్ల పులుసు సగంలో ఉంది. సువార్త పళ్ళు కొరుక్కుంటూ స్టవ్ ఆర్పి, కిటికీ సందులోంచి చూసింది. వచ్చినాయన కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. ఓబులేసు నిలబడే మాట్లాడుతున్నాడు. ఎవరో పెద్ద చుట్టం. మన పులుసు వాసన తగిలితే ఆయన ఈ ఇంట నీళ్ళు కూడా ముట్టడు కాబోలు అనుకుంది. ఆ పూట ముగ్గురూ మజ్జిగన్నం తిన్నారు.

అలా ఆరు నెలలు గడిచాయి. డిసెంబర్ వచ్చింది.

బయమ్మ పిండి మిషన్‌కు పోయిన సాయంత్రం గౌతమి ఒక పని చేసింది. వెదురుపుల్లలకు ఎర్ర కాగితం అంటించి, లోపల బల్బు పెట్టి, క్రిస్మస్ నక్షత్రాన్ని తీసుకుపోయి ముందు గేటు మీద కట్టేసింది. వీధి చివరి దాకా కనిపిస్తోంది.

సువార్త గబగబా గేటు దగ్గరికి వచ్చింది. వెంటనే తీయించాలనుకుంది. కానీ ఆ వెలుగులో కూతురి మొహం చూశాక చెయ్యి రాలేదు.

అంతలోనే బయమ్మ వచ్చింది. పిండి డబ్బా గేటు దగ్గరే పడేసి, వైరు పీకి, నక్షత్రాన్ని లాగింది. కాగితం చిరిగింది. గౌతమి బావురుమంది.

సువార్త ఆరు నెలలుగా మింగినదంతా బయటికొచ్చింది.

"సూడక్కా. దొంగల మాదిరి ఎనక సందులో తిరిగినాం. సెప్పులు దాసినాం, గుడ్డలు దాసినాం, నువ్వు తలుపు తడితే ఉడికే కూర కూడా ఆర్పేసినాం. బిడ్డ ముచ్చటపడి కట్టుకున్న సుక్క కూడా నీ కంటికి గిట్లేదా? మా దేవుడు మీ గేటుకు తగిలితే మైల పడిపోతారా? నీ ఇల్లు నువ్వే ఉంచుకో. రేపే కాళీ చేస్తాం. పరీచ్చలు ఇది యాడన్నా రాసుకుంటాది."

అనేసింది గానీ, మార్చికి ఇంకా మూడు నెలలున్నాయి. ఎక్కడికి పోవాలో తెలీదు.

బయమ్మ వీధి అటు చివర, ఇటు చివర చూసింది. పిండి అంటిన చేత్తో గౌతమి కళ్ళు తుడిచింది. తర్వాత సువార్త చెయ్యి పట్టుకుని గోడ చాటుకు లాగింది.

"మెల్లగా మాట్లాడు సువార్తా, ఎనక గది మీకు ఇచ్చినామని ఈ ఇంటి ఓనరుకు తెలిస్తే, మీకన్నా ముందు మమ్మల్నే కాళీ చేయిస్తాడు."