గేటు మీది అంకె

"ఇక్కడ సంతకం పెడితే చాలు, మిసెస్ హార్గ్రీవ్స్. మీ అమ్మాయి జోడీని బడి మాన్పించి ఇంట్లో చదివించుకుంటానని మీరే అడిగినట్టు," అంటూ డిప్యూటీ హెడ్ క్రాబ్‌ట్రీ కాగితం నా ముందుకు జరిపాడు.

"నేనెప్పుడు అడిగానండీ? పరీక్షలు ఇంకో మూణ్ణెల్లేగా."

"అందుకే. లెక్కల్లో గట్టెక్కదు. ఫెయిలైందన్న మాట పిల్లకెందుకు?"

"ఆస్పత్రిలో దుప్పట్లు ఉతికేదాన్ని, నేనేం చదువు చెప్పగలను?"

కిటికీలోంచి గేటుకు కట్టిన బ్యానర్ వెనకవైపు కనిపిస్తోంది. పాసైనవాళ్లు నూటికి తొంభై రెండు. ఏటా కొత్త తల్లిదండ్రుల సభలో పాత తల్లుల తరఫున నిలబడి ఆ అంకె చదివేది నేనే. మన పేటలోనే ఇంత మంచి బడి ఉండగా పిల్లల్ని బస్సులెక్కించి దూరం పంపడం దేనికని అడిగేదీ నేనే.

"పరీక్షకు ముందే పేరు తీసేస్తే పిల్ల ఆ అంకెలోకి రాదు. అంతేగా?"

ఆయన పెన్ను మూత తీసి కాగితం మీద పెట్టాడు.

నిరుడు మా పక్కింటి మోయిరా కూతురు బడి మానేసింది. తల్లికే పట్టింపు లేదని వీధంతా చెప్పాను.

"మోయిరా కూడా ఇక్కడే సంతకం పెట్టిందా?"

"ఆవిడ ఇన్ని ప్రశ్నలు వెయ్యలేదు," అన్నాడు. "ఈ బడి ఏం చేసినా పిల్లల మంచికేనని మీరు చెప్పారట. ఆ మాట నమ్మి సంతకం పెట్టేసింది."