తెల్లకొంగ డాలు

ముసలి రొదానిచ్ శవపేటిక మీద డాలు పెట్టారు. ఎర్ర రంగు మీద తెల్లకొంగ. ఆ వంశపు గుర్తు అది.

ఈ రోజు దాన్ని పగలగొట్టాలి.

వంశంలో చివరి మగవాడు పోతే సమాధి దగ్గర డాలు పగలగొట్టి, ఆ ముక్కల్ని ఆయనతోనే పాతిపెట్టాలి. సావా నది ఒడ్డున పెద్దిళ్ళవాళ్ళ ఆచారం అది. ముసలాయన ఒక్కగానొక్క కొడుకు వాలెంట్ గుర్రపు దళంతో జర్మన్ యుద్ధాలకు వెళ్ళి అక్కడే చనిపోయాడని ఎప్పుడో కబురొచ్చింది. అతను వెళ్ళేనాటికి చెల్లెలు ఊర్షులా ఉయ్యాల్లో ఉంది.

పగలగొట్టడానికి ఎవరూ ముందుకు రాలేదు. కమ్మరి నడుం నొప్పన్నాడు. వడ్రంగి కనిపించకుండా పోయాడు. ఒక వంశాన్ని ముగించిన చెయ్యి పడిపోతుందని అందరికీ భయం.

ఊర్షులా భయం వేరు.

మగదిక్కు లేకపోతే ఇల్లూ పొలమూ కూతురికేనని రాజుగారి మాట ఉంది. కానీ డాలు పగిలేలోపు ‘ఈ వంశం మగవాణ్ణి నేనున్నాను’ అని ఎవడైనా పలికితే అన్నీ వాడివే. దూరపు చుట్టరికమేదో చెప్పుకుని తిరిగే గాష్పర్ పొద్దున్నే బయల్దేరాడని తెలిసింది. భర్త పోయి, ఇద్దరు ఆడపిల్లలతో పుట్టింట్లో తలదాచుకుంటున్న మనిషి ఆమె. ఇక్కడినుంచి ఎక్కడికని పోతుంది?

వాకిట్లోకి వచ్చి చూసేసరికి ఎవరో కొత్త మనిషి. నెరిసిన గడ్డం. ఒక కాలు ఈడుస్తున్నాడు.

“గాష్పర్ పంపాడా నిన్ను?”

“ఆయనెవరో నాకు తెలీదమ్మా. దారిన పోతూ చర్చి గంటలు విని ఆగాను.”

ఊర్షులా అతన్ని ఎగాదిగా చూసింది. వేరే దారి లేదు.

“అయితే ఈ డాలు పగలగొట్టి పెడతావా?”

అతను శవపేటిక వైపు చూశాడు.

“ఇంటి మగవాళ్ళు ఎవరూ లేరా?”

భయంలో ఆమె నోరు జారింది. “ఈ రక్తంలో పుట్టినవాడు ఎవడూ ఇవాళ ఈ గడప తొక్కకూడదని మొక్కుకున్నానయ్యా. వస్తే నేనూ నా పిల్లలూ వీధిన పడతాం.”

అతను గడప వైపు వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాడు. తర్వాత, సుత్తి ఎక్కడుందని అడిగాడు.

సమాధి దగ్గర ఫాదర్ యురాయ్ ఆచారం ప్రకారం పిలిచాడు. “రొదానిచ్ వంశం మగవాడు ఎవడైనా ఉంటే పలకండి.”

ఎవరూ పలకలేదు.

రెండోసారి పిలుస్తుండగా గుర్రాల డెక్కల చప్పుడు వినిపించింది. గాష్పర్ దిగి, జనాన్ని తోసుకుంటూ వస్తున్నాడు. ఊర్షులా చిన్నకూతురి చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే ఆ పిల్ల ఏడుపు లంకించుకుంది.

మూడో పిలుపు ఫాదర్ నోట్లోంచి పూర్తయిందో లేదో, గాష్పర్ నోరు తెరిచాడో లేదో, సుత్తి దెబ్బ పడింది. కొంగ రెండుగా చీలింది.

“నేనున్నాను,” అన్నాడు గాష్పర్.

“డాలు పగిలిపోయింది నాయనా,” అన్నాడు ఫాదర్. ఇక చెల్లదని ఊరంతటికీ తెలుసు. గాష్పర్ తిట్టుకుంటూ గుర్రమెక్కాడు.

కొత్త మనిషి వంగి, ఒక్కో ముక్కా ఏరి గోతిలో పెట్టాడు. విసరలేదు.

తిరిగొచ్చాక ఊర్షులా అతనికి ఏమిస్తానన్నా వద్దన్నాడు. లోపల గదిలో మంచాన ఉన్న పెద్దామెను ఒకసారి పలకరించి పోతానన్నాడు. ఊర్షులా తల్లి ఆమె. చూపు పోయి చాలా కాలమైంది గానీ మతి చక్కగా ఉంది. ఊర్షులా సరేనని, చావుభోజనానికి వచ్చినవాళ్ళకు రొట్టె, సారా అందించే పనిలో పడింది. అతను ఎప్పుడు బయటకొచ్చాడో, ఎటు వెళ్ళాడో ఎవరూ గమనించలేదు.

అందరూ వెళ్ళాక ఆమె తల్లి గదిలోకి వెళ్ళింది. గండం గడిచిందని, ఇల్లు మనకే మిగిలిందని చెప్పింది.

తల్లి చెంపలు తడిసి ఉన్నాయి. కూతురి చెయ్యి వెతికి పట్టుకుంది.

“మీ అన్న ఏమైనా తిని వెళ్ళాడా, ఊర్షులా?”