జాబితాలో లేని తాళం

ముసలాయన సంచిలోంచి తాళంకప్ప తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇది జాబితాలో ఉందా అమ్మా?"

వాణిజ్య శాఖలో, పొరుగు దేశంతో ఒప్పందం కొలిక్కి వచ్చిన వారం అది. శుక్రవారం సాయంత్రం ఐదింటికి సరుకుల జాబితా మూసేస్తారు. ఆ తర్వాత ఒక్క వరుస చేర్చడం రెండు దేశాల్లో ఎవరి తరమూ కాదు.

జాబితా చూసే సెక్షన్ ఆఫీసరును తోటివాళ్ళు పట్టికలమ్మ అంటారు. ఏడు ఒప్పందాల పట్టికలు ఆమెకు నోటికి వచ్చు. ఎనిమిదోది రెండేళ్ళుగా నడుస్తోంది. అటు నుంచి కాగితాలు వచ్చేవి, ఇటు నుంచి కాగితాలు వెళ్ళేవి.

ఆమె వేలితో వరుసలు వెతికింది. తాళంకప్పలు లేవు.

"లేదు తాతగారూ. నిశ్చింతగా వెళ్ళండి."

ఏ సరుకు వాళ్ళు వచ్చి అడిగినా పద్దెనిమిదేళ్ళుగా ఆమె చెప్పే మాట అదే. జాబితాకెక్కిన సరుకు మీద సుంకం పోతుంది, బయటి సరుకు వచ్చి పడుతుంది. ఎక్కనిది చల్లగా ఉంటుంది.

ముసలాయన జాబితా వైపు ఒకసారి చూశాడు. తాళం సంచిలో వేసుకుని వెళ్ళాడు.

మర్నాడు మళ్ళీ వచ్చాడు, ఇంకోసారి చూడమన్నాడు. తాతగారికి మన ఫ్యాను గాలి నచ్చినట్టుందని పక్క బల్ల గుమాస్తా అంటే ఆయన కూడా నవ్వాడు. ముప్పై ఏళ్ళుగా తమ ఇంటి తలుపుకు ఈ తాళమేనని, ఈ ఊరి తాళాల వీధిలో చేసిందని చెప్పాడు. ఆ వీధిలో నలభై ఇళ్ళు ఆకురాయి పట్టుకునే బతుకుతున్నాయట. పట్టికలమ్మ తలూపుతూ ఫైలు తిప్పుకుంది.

గురువారం మూడోసారి వచ్చాడు.

"మొదటి పేజీ నుంచి చదవండమ్మా" అన్నాడు.

ఆమెకు చురుక్కుమంది.

"పద్దెనిమిదేళ్ళుగా చేస్తున్న పని ఇది తాతగారూ. మీరు నేర్పాలా?"

"నేనూ ఇలాంటి పనే చేశాను. చెయ్యి అలవాటున పోతూ ఉంటుంది. అందుకని చెప్తున్నా."

"ఏం రాశారు, ఇంటికి సరుకుల చీటీలా?"

గుమాస్తా కిసుక్కుమన్నాడు. ముసలాయన నవ్వలేదు.

"ఇంతకంటే నేను చెప్పకూడదమ్మా. ఇది మీ దగ్గర ఉంచండి" అని తాళం ఆమె ముందుకు జరిపి వెళ్ళిపోయాడు.

ఆయనది తప్పని తేల్చుకోవడానికే పట్టికలమ్మ మొదటి పేజీ తీసింది.

ఈ ఒప్పందంలో జాబితా తిరగబడింది. అటువైపు వాళ్ళు పట్టుబడితే కిందటేడు ఇటువైపు ఒప్పుకుంది. ఆ వాక్యం దగ్గరుండి టైపు చేయించింది తనే. ఈసారి జాబితాలో ఉన్న సరుకుకే సుంకం నిలుస్తుంది. లేనిదానికల్లా పోతుంది. సంఘాలున్నవాళ్ళు అర్జీలు పెట్టుకుని జాబితాకెక్కారు. తాళాల వీధికి సంఘం లేదు.

ఆమె క్యాలెండరు వైపు చూసింది.

ఇంకా ఒక రోజు ఉంది. కార్యదర్శికి ఒక నోటు పెడితే చాలు. తన సెక్షను ఒక సరుకును వదిలేసిందని, చేర్చాలని రాయాలి. పద్దెనిమిదేళ్ళలో ఆమె అలాంటి నోటు పెట్టలేదు. కాగితం తీసుకుని రెండు లైన్లు రాసింది. 'నా పొరపాటు వల్ల' అన్న చోట కలం ఆగింది. కాగితం మడిచి, తాళంతో పాటు సొరుగులో పెట్టింది.

రేపు ఆయన వస్తే అప్పుడు చూద్దాంలే అనుకుంది.

శుక్రవారం ఆయన రాలేదు. ఐదయింది.

ఆదివారం పొద్దున్నే తాళం పట్టుకుని ఆ వీధికి వెళ్ళింది. ప్రతి గడప దగ్గరా ఆకురాయి చప్పుడు. ఇనుప రజను చెప్పులకు అంటుకుంది. మొదటి గడపలో కూర్చున్న ఆవిడ తాళం అందుకుని తిరగేసింది. అడుగున మూడు గీతలున్నాయి.

"మా నాన్న చేసింది. మీకెక్కడిదమ్మా?"

పట్టికలమ్మ ముసలాయన ఆనవాళ్ళు చెప్పింది. అలాంటి మనిషి ఈ వీధిలో లేడంది ఆవిడ. లోపల్నుంచి వాళ్ళాయన కూడా వచ్చి, లేడనే అన్నాడు. ఆవిడ తాళాన్ని కొంగుతో తుడిచి తిరిగిస్తూ ఆగింది.

"ఏదో ఒప్పందం వస్తోందట. మాకేం కాదు కదా?"

పద్దెనిమిదేళ్ళ మాట నోటికి రాలేదు.

"తెలీదమ్మా" అంది పట్టికలమ్మ. తెలుసు.

నెల తర్వాత సంతకాలు. హాల్లో రెండు దేశాల వాళ్ళు ఎదురెదురుగా కూర్చున్నారు. అటువైపు వరుసలో ఒక కుర్చీ ఖాళీగా ఉంది. కుర్చీలో ఫ్రేము కట్టిన ఫొటో. పట్టికలమ్మ ఫొటో చూసింది, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది.

సంతకాలయ్యాక, ఆ కుర్చీ పక్కన కూర్చున్న అమ్మాయి దగ్గరికి వెళ్ళి ఆయనెవరని అడిగింది.

"మా బృందానికి పెద్దాయనండి. పోయిన వారమే పోయారు" అంది అమ్మాయి. "జాబితా మూసే వారంలో, ఇంటి తాళం బాగు చేయించుకోవాలంటూ మీ ఊరొచ్చారు. తాళం లేకుండానే తిరిగొచ్చారు."

పట్టికలమ్మ చెయ్యి సంచిలోకి పోయి తాళం మీద ఆగింది.

"జాబితా తిరగేద్దామని మా వైపు నుంచి పట్టుబట్టింది ఆయనేనండి; అలాంటిది ఆ శుక్రవారం, మీ దగ్గర్నుంచి ఒక వరుస వస్తుంది, ఏమీ అడక్కుండా చేర్చుకోండని ముందే సంతకం పెట్టిచ్చి, ఐదు దాటేదాకా కుర్చీలోంచి లేవలేదు."