కుడివైపు గార

"నోరు తెరవండి తాతగారూ."

ముసలాయన తెరిచాడు. అమ్మాయి మాస్కు వెనక మొహం చిట్లించింది.

ఎడమవైపు పళ్ళు ముత్యాల్లా ఉన్నాయి. కుడివైపు గార మేట వేసింది. అటువైపే రెండు పళ్ళు లేవు కూడా.

"ఇటువైపు తోముకోరా?"

"బద్ధకం తల్లీ."

"సగం నోటికేనా బద్ధకం?"

ముసలాయన నవ్వేశాడు.

అమ్మాయి కాలేజీలో పళ్ళు శుభ్రం చేసే కోర్సు చదువుతోంది. ఈ రోజే ఆఖరి పరీక్ష. పేషెంటును ఎవరికి వాళ్ళే తెచ్చుకోవాలి, ఆ పేషెంటుకు గార బాగా ఉండాలి. లేకపోతే ఏడాది చదువూ గంగపాలే.

ఒకమ్మాయి మొగుణ్ణి కూర్చోబెట్టింది. ఇంకో అమ్మాయి మేనమామను లాక్కొచ్చింది. గార పట్టిన బంధువులకు అంత గిరాకీ ఎక్కడా చూడం.

ఈ అమ్మాయికి ఊళ్ళో పలకరించే దిక్కు లేదు. ఏడాది మొదట్లో ఇచ్చిన ఫారంలో 'తీసుకురాగల పేషెంట్లు' అన్నచోట 'ఎవరూ లేరు' అని రాసింది. రాస్తుంటే ఏడుపొచ్చింది.

చివరికి కాలేజీ రిసెప్షన్‌లో కూర్చునే అక్కే ఈయన్ని చూపించింది.

పరికరం పట్టుకున్న చెయ్యి వణికింది.

"వేలు పక్క పంటికి ఆనించుకో తల్లీ. వణకదు."

"మీరు మాట్లాడకండి. నాకు తెలుసు."

అన్నదే గానీ, వేలు ఆనించింది. వణుకు ఆగింది.

రెండు గంటలు ఆయన కుర్చీలో కదల్లేదు. పని అయ్యాక అమ్మాయి బొమ్మ దవడ చేతిలోకి తీసుకుని, చంటిపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది.

"బ్రష్ ఇలా ఏటవాలుగా పట్టుకోవాలి. చిగుళ్ళ దగ్గర మెల్లగా తిప్పాలి. ఈ వయసులో కూడా ఒకరు చెప్పాలా? ఇంట్లో చెప్పేవాళ్ళు లేరా?"

"లేరు తల్లీ. అందుకే నువ్వు చెబుతుంటే బావుంది. ఇంకోసారి చెప్పు."

విసుక్కుంటూనే ఇంకోసారి చెప్పింది.

మూడు వారాలకు ఫలితాలొచ్చాయి. పాసైంది. ఆ మాట చెప్పుకోవడానికి ఆ ముసలాయన తప్ప ఎవరూ గుర్తుకు రాలేదు. మెత్తటి బ్రష్ ఒకటి కొని రిసెప్షన్‌కు వెళ్ళింది.

"అక్కా, తాతగారి అడ్రసు ఇస్తావా?"

అక్క చేతిలో పెన్ను కింద పెట్టింది.

"సోమవారం పోయారమ్మా. నిద్రలోనే."

"అయ్యో! పిల్లలూ..."

"ఎవరూ లేరు."

అమ్మాయి బ్రష్ గట్టిగా పట్టుకుంది.

"నీ ఫారం ఆయనకి చూపించింది నేనే," అంది అక్క. "ఏటా వచ్చి అడిగేవారు, పేషెంటు లేని పిల్లలున్నారా అని. ఉన్నారంటే ఆ రోజు నుంచి కుడివైపు తోమడం మానేసేవారు. పరీక్ష నాటికి గార కట్టాలిగా."

"అలా చేస్తే పళ్ళు ఊడిపోతాయని తెలీదా ఆయనకి?"

"తెలీకపోవడమేంటమ్మా... నువ్వు బొమ్మ దవడ పట్టుకుని ఆయనకి చెప్పావటగా, ఆ పాఠం ఈ కాలేజీలో ముప్పై ఏళ్ళు చెప్పిన మాస్టారు ఆయనే."