వెనక అద్దం

చలికి కారు అద్దాలకు ఆవిరి పట్టిన మొదటి ఉదయం, వెనక సీటు పక్క అద్దం మీద ఒక చిన్న చేతి అచ్చు కనబడింది. లోపలి వైపు నుంచి, అయిదు వేళ్లూ విడివిడిగా.

మాకు పిల్లల్లేరు.

అరచేత్తో తుడిచేశాను. మర్నాడు ఆవిరి పట్టగానే మళ్లీ అదే చెయ్యి.

"దూరపు కొండలు నునుపని చెప్పానా లేదా?" అంది మా ఆవిడ. "చవగ్గా వస్తోందని ఫొటోలు చూసి, ఎక్కడో ఎండల ఊరి నుంచి పాత కారు తెప్పించారు. దాంతోపాటు ఇంకేం వచ్చిందో!"

నాకూ భయమేసింది. అయినా బింకంగా, అమ్మినాయనకు ఫోన్ చేసి దులిపేశాను. "ఆవిరి పడితే చాలు, వెనక సీటు అద్దం మీద పసిపిల్ల చెయ్యి కనబడుతోంది. ఏం దాచి అంటగట్టారండీ మాకు?"



"ఎడమ వైపు అద్దమేనా?" అన్నాడాయన. "అది మా పాప కూర్చునే చోటు. పాప లేదిప్పుడు. ఆ సీటు చూడలేకే, మళ్లీ కంటపడనంత దూరానికి అమ్మేశాను. ఇక్కడ చలి ఉండదండీ, అద్దాలకు ఆవిరి పట్టదు. అందుకే నాకెప్పుడూ కనబడలేదు. దయచేసి తుడవకండి. ఇప్పుడే బయల్దేరుతున్నాను."

ఫోన్ చేత్తో పట్టుకునే బయటికి పరిగెత్తాను.

కారు పక్కన మా ఆవిడ బకెట్లో గుడ్డ పిండుతోంది.

"సబ్బు పెట్టి బరబరా రుద్దేశాను," అంది. "ఇక జన్మలో కనబడదు."